ఆ సొర మీవాడే బాబాయ్

నాలుగేళ్లుగా చుక్క ముట్టని ఒక పెద్దమనిషి నా మూలంగా ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో ఊరందరి దృష్టిలో తాగుబోతయ్యాడు. ఆయన ఆ రోజు తాగింది రెండు సోడాలు. ఆ రెండూ తెప్పించింది నేనే. మూడేళ్లుగా ఈ సంగతి కడుపులో దాచుకుని తిరుగుతున్నాను, ఇక నా వల్ల కాదు. మీరు నవ్వితే నవ్వండి. నేను మాత్రం ఇది గుర్తొచ్చినప్పుడల్లా కాసేపు గోడవైపు తిరిగి కూర్చుంటాను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది ఆమదాలవలస. స్టేషను రోడ్డులో మా నాన్నగారికి పప్పుల దుకాణం ఉంది. కార్తీకమాసం వస్తే మా ఇంట్లో ఉల్లిపాయకి కూడా చోటుండదు, ఇక చేపల సంగతి అడగక్కర్లేదు. అప్పటికి నాకు ఎరుకైన చేపలు రెండు. ఒకటి ఒకటో తరగతి పుస్తకంలో బొమ్మ, రెండోది పంచాంగంలో మీనరాశి. మీనరాశిలో రెండుంటాయి కాబట్టి, నికరంగా లెక్కపెడితే మూడు.

ఇలాంటివాణ్ని బారులో ఏం చేస్తున్నానని మీకు అనుమానం రావచ్చు. నేను తాగను. మా ఊళ్లో పెద్ద టీవీ ఉన్నది ఆ బారులో. ఫోన్లో ఆడే తుపాకుల ఆటకి పోటీలు జరుగుతాయి, వాటిని జనం క్రికెట్‌లాగే కూర్చుని చూస్తారు. ఆదివారం మధ్యాహ్నం క్రికెట్ లేకపోతే ఆ టీవీ మాకిచ్చేలా మేనేజరు సింహాచలంతో ఒప్పందం కుదిరింది. మేం ఏడుగురం. తాగేవాళ్లు తాగేవారు. నేను సోడా, వేపిన జీడిపప్పు పెట్టుకుని కూర్చునేవాణ్ని. అయితే సింహాచలం ఒక షరతు పెట్టాడు. టీవీకి గొంతు ఉండకూడదు.

"బొమ్మ సూసుకోండి," అన్నాడు. "పాటలు నావే ఉంటాయి. పాటలాపితే నా గిరాకీ లెగిసి ఎలిపోద్ది."

టీవీకి గొంతు లేకపోయేసరికి ఆ గొంతు నేనయ్యాను. ఎవడు ఎవణ్ని కొట్టాడు, ఎందుకు కొట్టాడు, కొట్టకపోతే ఏమయ్యేది, అన్నీ నేనే చెప్పేవాణ్ని. అందులో సగం తెలిసి చెప్పేవాణ్ని. మిగతా సగం కూడా అదే గొంతుతో చెప్పేవాణ్ని కాబట్టి తేడా ఎవరికీ తెలిసేది కాదు. రానురాను నాక్కూడా తెలియడం మానేసింది.

ధర్మారావు డిగ్రీలో నా క్లాస్‌మేట్. కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. తాతల నాటినుంచి చేపల వేటే. వాడి బొటనవేళ్లలో ఏదో మహిమ ఉంది, ఆ తుపాకుల ఆటలో వాడి ముందు నిలిచినవాణ్ని నేను చూడలేదు. ఆ ఏడాది విశాఖపట్నంలో జరిగే ఫైనల్ దాకా వెళ్లాడు. బాగా ఆడితే హైదరాబాదులో ఒక జట్టువాళ్లు తీసుకుంటామన్నారు. ఇటు చూస్తే వాడి మేనమామ సోమయ్య తండేలు. అంటే పడవ నడిపించే పెద్ద. ఏటా వర్షాకాలంలో ఊరి మగవాళ్లని వెంటబెట్టుకుని గుజరాతు రేవుకి తీసుకెళ్తాడు, ఎనిమిది నెలలు అక్కడి పడవల మీదే బతుకు. ఆ ఏడు వంతు ధర్మాది. బుధవారం రైలు.

వాడి తండ్రి దానయ్య న్యాయమైన మనిషి. "నాను ఒకపాలి కళ్లారా సూస్తాను," అన్నాడట. "ఆడు నిజంగా ఆటగాడైతే ఐదరాబాదు ఎల్లనిస్తాను. కాకపోతే బుధవారం రైలెక్కాల. మద్దిలో మాట నేదు."

ఆ ఆదివారం పొద్దున్నే ధర్మ ఫోన్ చేశాడు.

"ఒరే వాసూ, మా అయ్య పదకొండు గంటల బస్సుకి దిగుతాడు. ఫోన్లో సూస్తే ఆయనకి అన్నీ సీమల్లాగ కనిపిస్తాయి. మీ బారులో పెద్ద టీవీ ఉన్నాది కదా. పక్కన కూసోబెట్టుకుని ఏటి జరుగుతన్నాదో సెప్పు. నువ్వు బాగ సెప్తావు."

"నాకొదిలీరా," అన్నాను.

"ఆటలో నా పేరు ఇంగ్లీషులో పడతాది. ఈ ఫైనల్‌కి పాత పేరు మార్చీసినాను. సేప పేరే పెట్టుకున్నాను, మా అయ్యకి పేనమైన సేప. సూస్తే నీకే తెలిసిపోద్ది."

చదువరులారా, ఇక్కడ కాస్త ఆగండి. 'ఏ చేపరా?' అని అడగడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు నా నోట్లోంచి రాలేదు. అడిగితే నాకు తెలియదని వాడికి తెలిసిపోతుంది కదా. ఆ వయసులో నాకు అంతకంటే పెద్ద ఆపద మరొకటి కనిపించేది కాదు.

"తెలిసిపోద్దిలే," అన్నాను.

"ఇక్కడ మా ఫోన్లు తీసీసుకుని ఆటకి ఆళ్ల ఫోన్లు ఇస్తన్నారు. ఆట అయినాక సేస్తాను," అని పెట్టేశాడు.

దానయ్య బస్సు దిగాడు. సన్నటి మనిషి, పెళ్లిళ్లకి తొడిగే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. బారు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఇది బారు కదేటి బాబూ."

"బారే గాని మనం టీవీ సూడ్డానికి వచ్చాం బాబాయ్. సోడా తాగుదాం."

"నాలుగేళ్లయినాది ఇలాటి గుమ్మం తొక్కి. మా ఇంటిదాని సేతిలో సెయ్యేసి మానీసినాను. టీవీ సూడ్డానికని సెప్పినాను గాని, బారని నాకే తెల్దు."

చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. ఇక్కడ చెప్పులు విడవక్కర్లేదు అన్నాను. "నా కొడుకు ఆట సూడ్డానికొచ్చినాను," అన్నాడు. ఆ బారు తెరిచిన దగ్గర్నుంచి అలా వచ్చిన మనిషి లేడని సింహాచలం ఇప్పటికీ చెప్తుంటాడు.

మావాళ్లు ఆరుగురూ ఆ రోజు ఏదో పెళ్లికి వెళ్లారు. పక్క బల్ల దగ్గర లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం ఒకే ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చుంటారు. మా ఆట ఆయనకి అర్థం కాదు, కానీ చూస్తారు.

టీవీలో పేర్లు మొదలయ్యాయి. నేను కళ్లు చికిలించి చేప కోసం వెతికాను. పులులు, దెయ్యాలు, యముళ్లు వరసగా పోయాయి. తర్వాత కె, ఓ, ఎన్, ఏ, ఎమ్ అని ఒకటి వచ్చింది. కోణం, అనుకున్నాను. ఎవడో లెక్కలవాడు. దాని కింద ఎస్, ఓ, ఆర్, ఏ. సొర. నా ఒళ్లు పులకరించింది. సొర అంటే చేప అని నాకు తెలుసు, టీవీలో దాని పళ్లు కూడా చూశాను; ఇందాకటి లెక్కలో దాన్ని మరిచిపోయాను.

"అదిగో బాబాయ్, దొరికినాడు," అన్నాను. "సొర అని ఉన్నాది సూడు. ఆ సొర మీవాడే."

దానయ్యకి ఇంగ్లీషు అక్షరాలు రావు. నా వేలి వైపే చూశాడు.

"సొరేటి బాబూ? మావోడికి సొర పడదే. ముక్క తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాది."

"ఆటలో తినక్కర్లేదు కదా బాబాయ్. గంభీరంగా ఉంటాదని పెట్టుకున్నాడు."

"అంతేనంటావా."

"అంతే."

చూశారా, దేవుడు నాకు ఒక అవకాశం ఇచ్చాడు. దాన్ని జీడిపప్పుతో కలిపి నమిలేశాను.

మాస్టారు మెడ చాచారు. "దానికి పైన కోణం అని ఉంది కదయ్యా. అది ఎవరు?"

"ఎవడో లెండి మాస్టారూ, ఊరూ పేరూ లేనోడు."

"ఎవరో గాని చదువుకున్న పిల్లాడు. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఒక్కడూ ఇష్టపడి ఆ మాట నోట పలకలేదు. నేను అతని వైపు," అని గ్లాసు అటు జరిపి కూర్చున్నారు.

ఆట చెప్పడం మొదలుపెట్టాను. వందమందిని ఒక లంకలో దింపుతారు. చుట్టూ ఒక నీలం గీత ఉంటుంది, అది క్షణక్షణానికీ లోపలికి జరుగుతూ వస్తుంది. గీత బయట చిక్కినవాడు పోయినట్టే. లోపలున్నవాళ్లు ఒకరినొకరు కాల్చుకోవాలి. ఆఖరికి మిగిలినవాడే గెలిచినట్టు. ఇదంతా చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. దానయ్య ఒక్క మాటలో తేల్చేశాడు.

"అలివి వల."

"ఏటి బాబాయ్?"

"ఒడ్డునుంచి లాగే వల బాబూ. సుట్టూ ఏసి సిన్నగా లాక్కొస్తాం. లోపలున్న సేపలన్నీ మద్దికి పరిగెడతాయి. మద్దికి పోయింది సచ్చినట్టే. తెలివైన సేప అంచునే ఉంటాది, సందు సూసుకుంటాది." టీవీ వైపు చూపించాడు. "అదిగో, ఆడెవడో సూడు. అంచమ్మటే తిరుగుతన్నాడు. ఆడు నేర్పరి."

నేను చూశాను. నెత్తిమీద కోణం అని ఉంది.

"ఆడా, భయస్తుడు బాబాయ్. మద్దికి రాలేక అలగ తిరుగుతన్నాడు."

"భయం కాదది," అన్నాడు దానయ్య, కానీ నన్ను కాదనడానికి మొహమాటపడి ఊరుకున్నాడు. మాస్టారు మాత్రం "శభాష్ కోణం" అని నెమ్మదిగా గొణిగారు.

ఇక మన సొర ఏం చేస్తున్నాడయ్యా అంటే, ఒక ఇంట్లో దూరాడు. తలుపు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, కదలడు. బయట ప్రపంచం తగలబడుతోంది, వాడు తలుపు వెనక కూర్చునే ఉన్నాడు.

"ఏటి సేస్తన్నాడు బాబూ మావోడు?"

"వ్యూహం బాబాయ్. అందరూ కొట్టుకుని పోనాక ఒక్కపాలే బయటికొస్తాడు."

"తలుపెనక దాక్కుంటే వ్యూహమేటి?"

"ఇప్పుడు అదే నడుస్తన్నాది."

దానయ్య సోడా గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన ముఖం చూస్తే నాకే కష్టంగా ఉంది. ఇన్నాళ్లూ కొడుకు గురించి ఊళ్లో ఏం విన్నాడో, ఏం ఆశ పెట్టుకుని ఆ చొక్కా ఇస్త్రీ చేయించాడో, అదంతా ఆ తలుపు వెనక గొంతుక్కూర్చుని ఉంది. "నడి సంద్రంలో గాలికి ఎదురెల్లిన మడుసుల ఇంట్లో పుట్టినాడు," అన్నాడు మెల్లగా, తనలో తానే.

సరిగ్గా అప్పుడు సొర బయటికి వచ్చాడు. నేను "సూడు సూడు, ఇప్పుడు సూడు" అంటున్నాను. వాడు నాలుగడుగులు వేశాడు. ఎదురుగా చాలా దూరం నుంచి ఒకే ఒక్క తుపాకి దెబ్బ తగిలింది. సొర నేలమీద పడ్డాడు. కొట్టినవాడి పేరు టీవీలో పడింది. కోణం.

మాస్టారు బల్లమీద చిన్నగా దరువేశారు. దానయ్య ఆయన వైపు చూసి మళ్లీ టీవీ వైపు తిరిగాడు.

"నా కొడుకుని కొట్టినోడి సెయ్యి పడిపోను," అన్నాడు. అరవలేదు. పక్కన కూర్చున్న నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. ఆయన ఎవరితో మాట్లాడినా స్పీకరు పెట్టే మాట్లాడతాడు. అవతల పలికింది సోమయ్య, ఆ తండేలు.

"బావా, నాను దానయ్యని. ధర్మ పేరు రాసుకో. బుధవారం వస్తాడు."

"ఎక్కడున్నావు? పాటలేటి?"

"ఆమదాలవలసలో ఉన్నాను. బారులో."

"గొంతు తడిసిందా?" అన్నాడు సోమయ్య.

ఈ ప్రశ్నకి ఒక కథ ఉంది. అంతకుముందు ఒక ఏడు ఎవరో తాగిన మత్తులో కొడుకు పేరు రాయించి, మత్తు దిగాక స్టేషన్లో కొడుకు కాళ్లు పట్టుకుని ఏడ్చాడట. అప్పట్నుంచి సోమయ్య కట్టడి చేశాడు. తాగి ఇచ్చిన మాట మాట కాదు. తాగకుండా ఇచ్చిన మాట మాత్రం బ్రహ్మరుద్రులు వచ్చినా తిరగదు, ఎందుకంటే ఆ పేరు నమ్ముకుని అక్కడ పడవ కదులుతుంది.

"తడవనేదు బావా. సోడా తాగుతన్నాను."

"నిజమేనా?"

"నానెప్పుడైనా నీకు అబద్దం సెప్పినానా?"

"నేదు. సరే, రాసీసినాను. పేరు అక్కడికి పంపీస్తన్నాను."

ఫోన్ జేబులో పెట్టుకుని దానయ్య లేచాడు. నేను ఓదార్చే ప్రయత్నంలో ఉన్నాను. గుజరాతు మంచి దేశమనీ, అక్కడ గాలి బాగుంటుందనీ ఏదో అన్నాను. నాకు గుజరాతు గురించి తెలిసింది కూడా మా దుకాణంలో ఉన్న పప్పు బస్తాల మీద రాసినంతే.

ఇంతలో మాస్టారు లేచి నిలబడ్డారు. టీవీలో ఆఖరి ఇద్దరు మిగిలారు, కాసేపట్లో ఒక్కడే మిగిలాడు. కోణం గెలిచాడు. కాగితం ముక్కలు పైనుంచి రాలుతున్నాయి. గెలిచినవాడు చెవులమీది యంత్రం తీసి ముఖం పైకెత్తాడు. ఆ ముఖం పెద్ద టీవీ నిండా వచ్చింది.

దానయ్య కుర్చీ పట్టుకున్నాడు.

"బాబూ," అన్నాడు, "ఆడు అచ్చం నా కొడుకులాగ ఉన్నాడు."

నేను నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

"ఆ పేరేటి? సదువు."

"కోణం, బాబాయ్."

"అలగ కాదు. ఒక్కో అక్షరం సదువు."

"కో. నా. మ్."

ఆయన పెదవులు కదిలాయి. "కోనాం," అన్నాడు. "కోనాం రా నాయనా. మా ఇంటి సేప. వారం రోజులు అది నేకపోతే నాకు ముద్ద దిగదు." కుర్చీలో కూలబడ్డాడు. "బయటినుంచి వొచ్చినోళ్లు వంజరం అంటారు. నువ్వు ఏ దేశపోడివి బాబూ?"

ఆమదాలవలస అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. కోనాం ఏమిటో తెలియకుండా ఆ జిల్లాలో ఇరవై నాలుగేళ్లు గాలి పీల్చిన మనిషిని నేనొక్కణ్నే అయివుంటాను. ఇంకో సంగతి ఆ తర్వాత ధర్మ చెప్పాడు. ఆ సొర అనేవాడు గుంటూరు కుర్రాడట. తెల్లగా పొడుగ్గా ఉంటాడని ఇంట్లో సొరకాయ అని పిలుస్తారట. మనవైపు ఆనపకాయ అంటాం చూడండి, అదే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు తింటున్న కూరగాయని చేప అన్నాను. చేపని పట్టుకుని గణితం అన్నాను.

దానయ్య సంతోషించడానికి కూడా తీరిక లేకపోయింది. కుడిచేత్తో నోరు మూసుకున్నాడు. "సెయ్యి పడిపోనని నా నోటితో నానే అన్నాను కదా," అని వంగి నేలని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ క్షణంలో నేను బల్ల కింద దూరగలిగితే దూరేవాణ్ని. తర్వాత ఆయనకి మాట గుర్తొచ్చింది. మళ్లీ ఫోన్ తీశాడు.

"బావా, ధర్మ పేరు కొట్టీ."

"ఎలగ కొట్టీమంటావు? పంపీసినాను. నువ్వు తాగనేదన్నావు."

దానయ్య కళ్లు మూసుకున్నాడు. "తాగినాను బావా."

"సోడా అన్నావు."

"అబద్దమాడినాను."

"నువ్వు అబద్దమాడవు దానయ్యా."

మంచిపేరు మనిషికి ఎంత అడ్డం వస్తుందో అప్పుడు చూశాను. నేను తాగుబోతునే, నన్ను నమ్ము అని ఆ పెద్దమనిషి బతిమాలుతున్నాడు. అవతలివాడు ఛస్తే నమ్మనంటున్నాడు. చివరికి సోమయ్య, "పక్కనెవడున్నాడు? ఆడికియ్యి," అన్నాడు.

ఫోన్ నా చేతికొచ్చింది.

"తాగినాడా ఆడు?"

"తాగినాడండి."

"ఏటి తాగినాడు?"

నాకు చేపల పేర్లు ఎంత తెలుసో ఆ పేర్లూ అంతే తెలుసు. మాస్టారి గ్లాసు వైపు చూశాను. "ఎర్రగా ఉందండి."

"ఎంత తాగినాడు?"

"లీటరున్నర."

మాస్టారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

"లీటరున్నర తాగినోడు నాతో అంత సుబ్బరంగా ఎలగ మాటాడినాడు?"

"అప్పుడింకా ఎక్కలేదండి."

"సాయంత్రం ఆడింటికొస్తన్నాను," అన్నాడు సోమయ్య. "నా కళ్లతో సూస్తాను. తాగనేదని తేలిందో, ఆ పేరు అలగే ఉంటాది."

ఏం చేయాలో మాకెవరికీ తోచలేదు. సింహాచలమే ముందుకొచ్చాడు. "మరి సొక్కా మీద కాసింత జల్లమంటారా? వాసనైనా ఉంటాది." దానయ్య తల ఊపాడు. సింహాచలం మూతలో పోసిన బ్రాందీని ఆ ఇస్త్రీ చొక్కా మీద తీర్థం జల్లినట్టు జల్లాడు. దానయ్య కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత బయటికి వెళ్లి చెప్పులు తొడుక్కున్నాడు.

నా బండి మీద బయల్దేరాం. దారి పొడవునా వెనక నుంచి ఆ వాసన వస్తూనే ఉంది. శ్రీకాకుళం దాటాక ఆయనే మాట్లాడాడు. "కోనాం అంటే వెండిలాగ మెరుస్తాది బాబూ. ముల్లు తక్కువ. అందుకే పిల్లలకి పెడతాం." కాసేపాగి, "ఆడు అందరికంటే గొప్పగా ఆడినాడు కదేటి?" అని అడిగాడు. అవునన్నాను. నాకు ఏడుపొచ్చింది. బండి నడుపుతున్నాను కాబట్టి దుమ్ము అని సరిపెట్టుకున్నాను.

ఇంటి ముందుకి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. సోమయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన చెల్లెలు, అంటే దానయ్య భార్య పోలమ్మ, నిలబడి ఉంది. ముఖం చూడగానే సంగతి చెల్లెలి దాకా వచ్చేసిందని తెలిసింది. వీధిలో మరో పదిమంది ఏదో పనున్నట్టు నిలబడ్డారు.

దానయ్య బండి దిగి కొబ్బరిచెట్టులా నిటారుగా నిలబడ్డాడు.

"తూలు బాబాయ్," అన్నాను మెల్లగా.

"నాలుగేళ్లయినాది బాబూ. ఎలగ తూలాలో మరిసిపోనాను."

పోలమ్మ గబగబా వచ్చింది. "నా సేతిలో సెయ్యేసి సెప్పినావు కదయ్యా. తాగినావా?" అని అడిగింది. సోమయ్య కూడా లేచి వచ్చి నన్నే అడిగాడు. "నువ్వు దగ్గరున్నావు కదా. సెప్పు. తాగినాడా, నేదా?"

తాగాడంటే ఒక ఇల్లాలి గుండె పగులుతుంది. తాగలేదంటే కొడుకు బుధవారం రైలెక్కుతాడు. ఇద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు. నేను దానయ్య వైపు చూశాను. ఆయన తల వంచుకుని నిందంతా మోయడానికి సిద్ధంగా ఉన్నాడు.

పోలమ్మ నా జవాబు కోసం ఆగలేదు. మొగుడి గడ్డం పట్టుకుని నోరు దగ్గరికి లాగి వాసన చూసింది. తర్వాత చొక్కా చూసింది. మళ్లీ నోటి దగ్గర చూసింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. దానయ్య పెదవులు కదిలీ కదలకుండా, "ధర్మ గెలిసినాడే," అన్నాడు.

ఆమె కాసేపు ఆ గడ్డం వదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత అన్నగారి వైపు తిరిగింది.

"తాగినాడన్నా," అంది. "ముక్కు మూసుకోవాల్సొస్తన్నాది. ఇలాటి తాగుబోతు మాట పట్టుకుని నా కొడుకుని పంపుతావేటి? కొట్టీ ఆ పేరు."

సోమయ్య చెల్లెలి ముఖం చూశాడు, బావ ముఖం చూశాడు. ఆయనకేం అర్థమైందో నాకు తెలియదు. ఏమీ అనకుండా ఫోన్ తీసి, గుజరాతుకి చేసి, ఒక పేరు తీసేయమన్నాడు. అరుగు దిగి వెళ్లిపోయాడు.

వీధి జనం పలచబడ్డాక పోలమ్మ నా వైపు తిరిగింది. "నీ వల్ల నా మొగుడు తాగుబోతు అయినాడు, నా కొడుకు బాగుపడినాడు. నిన్ను తిట్టాలో, నీకు పెట్టాలో తెలీకుండా ఉన్నాది బాబూ." ఆలోచించి, రెండూ చేసింది. తిట్లు ముందు, మజ్జిగన్నం తర్వాత.

దానయ్యని ఊళ్లో రెండు నెలలపాటు వేలెత్తి చూపించారు. ఆయన ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. ధర్మ హైదరాబాదులో ఉన్నాడు.

కనుక నేను పూర్తి స్పృహలో, సోడా తప్ప మరేదీ పుచ్చుకోకుండా, చేస్తున్న ప్రమాణం ఇది. తెలియనిదాన్ని తెలిసినట్టు ఈ జన్మలో ఎవరికీ చెప్పను. తండ్రులకైతే తెలిసింది కూడా చెప్పను. ఇప్పటికీ ఆదివారం బారుకి వెళ్తున్నాను. టీవీ చూస్తూ ఎవరైనా "ఆడేటి సేస్తన్నాడు వాసూ?" అని అడిగితే, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "నాకు తెల్దు" అంటున్నాను. మొదట్నుంచీ అదే నిజం.